ఫెడరల్ స్నో ట్యూబ్ రివ్యూ: తూకం చెప్తుంది, ఎక్కడ గుచ్చాలో మాత్రం చెప్పదు

కొండల మీద మంచు కొలిచే పని ఉంటే తప్ప ఈ వస్తువు జోలికి పోనక్కర్లేదు, ముందే చెప్పేస్తున్నా. లోతు చూసుకోడానికైతే గీతలు పెట్టిన ఒక సన్న కడ్డీ చాలు. ఈ ట్యూబ్ పని వేరే, ఆ మంచు అంతా కరిగితే ఎన్ని నీళ్ళొస్తాయో చెప్పడం. రాత్రి కొత్తగా పడిన మంచు ఘనపు మీటరుకి 50 నుంచి 100 కిలోలు తూగితే, గాలి కొట్టి గట్టిపడినది 300 దాటేస్తుంది, ఎండాకాలం ముందు కరగడానికి సిద్ధంగా ఉన్నది 400, 500 దాకా పోతుంది. అంటే అదే మూడడుగుల లోతు, ఒకచోట ఉన్న నీళ్ళకి ఇంకోచోట నాలుగైదు రెట్లు ఉండొచ్చు. కింద డ్యామ్ లో ఎన్ని నీళ్ళు చేరతాయో లెక్కేసేవాళ్ళకి లోతు ఒక్కటే చెప్తే దేనికీ పనికిరాదు.

సెట్ లో అల్యూమినియం గొట్టం ముక్కలు వస్తాయి, ఒక్కోటి 30 అంగుళాలు అంటే సుమారు 76 సెంటీమీటర్లు, మరలతో ఒకదానికొకటి బిగించుకోవాలి, మంచు లోతుని బట్టి రెండు చాలా నాలుగు కావాలా అన్నది మనమే చూసుకోవాలి. అడుగు ముక్కకి స్టీలు కట్టర్, చుట్టూ పళ్ళు. గొట్టం పక్కన పొడుగునా సన్నటి చీలికలు కోసి ఉంటాయి, లోపల మంచు ఎంత ఎత్తు వచ్చిందో అందులోంచి కనపడుతుంది, బయట అంగుళాల గీతలు. ఇంకా తిప్పడానికి హ్యాండిల్, ముక్కలు విప్పడానికి రెంచీలు, తూచడానికి స్ప్రింగ్ కాటా, ట్యూబ్ ని అడ్డంగా పడుకోబెట్టి కాటాకి వేలాడదీయడానికి ఒక కొక్కెం. బ్యాటరీ లేదు, యాప్ లేదు, అప్ డేట్ లేదు, హాయి.

దీంట్లో నాకు బాగా నచ్చింది కట్టర్ సైజు. లోపలి వ్యాసం 1.485 అంగుళాలు. ఇదేం పిచ్చి నంబర్ రా బాబూ అనిపిస్తుంది కానీ లెక్క చూస్తే ముచ్చటేస్తుంది. ఆ గుండ్రం వైశాల్యం సుమారు 1.73 చదరపు అంగుళాలు, దాని మీద ఒక అంగుళం ఎత్తు నీళ్ళు నిలబెడితే బరువు దాదాపు ఒక ఔన్సు. అంటే లోపలి మంచు ఎన్ని ఔన్సులు తూగితే అక్కడ అన్ని అంగుళాల నీళ్ళున్నట్టు. కాటా మీద కూడా ఆ అంగుళాలే రాసి ఉంటాయి, కాబట్టి వేళ్ళు కొంకర్లు పోయే చలిలో గుణకారాలు చేసే బాధ లేదు. నిండు ట్యూబ్ తూకంలోంచి ఖాళీ ట్యూబ్ తూకం తీసెయ్యడం, అంతే.

ఇలాంటిది మొదట చేసిన మనిషి ఇంజనీరు కాదు, అమెరికాలో నెవాడా యూనివర్సిటీలో లాటిన్ పాఠాలు చెప్పుకునే ప్రొఫెసర్, పేరు జేమ్స్ చర్చ్. మౌంట్ రోజ్ అనే కొండ మీద చలికాలం పూట ఎక్కి తిరిగే సరదా ఆయనకి, 1906 నాటికి ఆ కొండ మీదే ఒక అబ్జర్వేటరీ కూడా పెట్టేశాడు. కింద టాహో సరస్సు నీటిమట్టం మీద గొడవలు జరుగుతుంటే, కొండ మీద మంచు తూచితే వేసవిలో సరస్సు ఎంత లేస్తుందో ముందే చెప్పొచ్చు కదా అని మౌంట్ రోజ్ శాంప్లర్ తయారుచేశాడు. ఇప్పుడు మనం కొనే ఫెడరల్ ట్యూబ్ దాని వంశమే. ఇంకో సంగతి, అడవికీ మంచుకీ ఉన్న లింకు మీద 1912 లోనే రాసిన మనిషి కూడా ఈయనే, దాని గురించి కింద చెప్తా, ఎందుకంటే ఈ ట్యూబ్ కొనేవాళ్ళు ఎక్కువమంది అదే మర్చిపోతారు.

వాడకం ఎలా ఉంటుందంటే, ముందు ఖాళీ ట్యూబ్ తూచాలి, తర్వాత నిటారుగా పట్టుకుని ఒక్క ఊపులో దించాలి, మధ్యలో ఆగి ఆగి దించితే లోపల మంచు ఇరుక్కుని కొత్త మంచు పక్కకి తోసుకుపోతుంది. గట్టి పొర తగిలితే హ్యాండిల్ తో తిప్పుతూ కోసుకుంటూ పోవాలి. నేల తగిలాక ఇంకాస్త దిగ్గొట్టాలి, అడుగున మట్టి బిళ్ళలాగా పట్టుకుంటేనే పైకి లాగేటప్పుడు మంచు జారిపోకుండా ఉంటుంది. లాగాక చీలికల్లోంచి లోపలి మంచు పొడవు చూసుకోవాలి, బయట లోతుకీ దీనికీ బాగా తేడా ఉంటే ఆ శాంపిల్ పారేసి మళ్ళీ గుచ్చాలి. అంతా సరిగ్గా ఉంటే కట్టర్ లో మట్టి, గడ్డి, ఆకులు గీకేసి, ఆ మట్టి పట్టినంత మేర లోతులోంచి తగ్గించి, అప్పుడు తూచాలి. అడుగున మట్టి, తడిసిన పైన్ సూదులు బయటికొస్తే ఆ వాసన భలే ఉంటుంది, అది రివ్యూకి సంబంధం లేదనుకోండి.

ఇక లోపాలు. ఈ ట్యూబ్ ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ నీళ్ళు చూపిస్తుంది, లోతు మంచులో దాదాపు 10 శాతం దాకా అని పాత పరీక్షల్లోనే తేలింది. సన్న గొట్టం కదా, పళ్ళు కోసుకుంటూ పోయేటప్పుడు పక్క మంచు కూడా లోపలికి నెట్టుకొస్తుంది, చీలికల్లోంచి కూడా కొంచెం దూరుతుంది. అందరూ ఇదే ట్యూబ్ తో ఏళ్ళ తరబడి కొలుస్తున్నారు కాబట్టి ఏడాదికీ ఏడాదికీ పోల్చుకోడానికి ఇబ్బంది లేదు, కానీ వేరే రకం పరికరం లెక్కతో పక్కపక్కన పెట్టేటప్పుడు గుర్తుంచుకోవాలి. లోతు తక్కువున్న చోట మాత్రం ఇది దండగ, అడుగు లోపు మంచులో కాటా ముల్లు కదిలీ కదలనట్టు ఉంటుంది. అలాంటి చోటికి కెనడా వాళ్ళ ఈఎస్‌సి-30 లాంటి లావు గొట్టం నయం, దాని నోటి వైశాల్యం 30 చదరపు సెంటీమీటర్లు, దీనిది 11 చిల్లర. ఎండ కాసే రోజు అల్యూమినియం వేడెక్కి, లోపల తడి మంచు గోడకి అతుక్కుని ఎంత తట్టినా రాదు, అందుకే ట్యూబ్ ని కాసేపు నీడలో మంచులోనే పడేసి చల్లబడ్డాక వాడాలి, లోపల మైనం పూసుకుంటే ఇంకా మంచిది. గాలి వీస్తుంటే తూకం నరకం, ట్యూబ్ ఊగుతూనే ఉంటుంది, ఒక మనిషి అడ్డంగా నిలబడాలి.

అయితే ఈ లోపాలన్నీ కలిపినా అసలు సమస్య ముందు దిగదుడుపే. పది శాతం తప్పు గురించి తెగ వాదించుకుంటాం కానీ, ఇరవై అడుగులు పక్కకి జరిగి గుచ్చితే రీడింగ్ సగానికి సగం మారిపోయే కొండలు ఎన్నో. ట్యూబ్ నిజాయితీగా ఆ ఒకటిన్నర అంగుళాల బొక్కలో ఎంత ఉందో చెప్తుంది, ఆ బొక్క కొండ మొత్తానికి ప్రతినిధా కాదా అన్నది దానికి తెలీదు. అందుకే ఒక్కో చోట ఇది ఎలా పనిచేసిందో విడివిడిగా చెప్తా.

ముందు ఎత్తు. గాలి కొండ ఎక్కుతూ చల్లబడి తేమ వదిలేస్తుంది, పైకి పోయేకొద్దీ వర్షంగా పడేది మంచుగా పడుతుంది, పడింది కరక్కుండా నిలబడుతుంది. కాబట్టి కింద నుంచి పైకి గుచ్చుకుంటూ పోతే అంగుళాలు పెరుగుతూనే ఉంటాయి. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. కానీ చెట్లు ఆగిపోయే గీత దాటి ఇంకా పైకెళ్ళాక కథ తిరగబడుతుంది, శిఖరం దగ్గర్లో మళ్ళీ తగ్గిపోతుంది, ఎందుకంటే అక్కడ పడినదాన్ని గాలి ఉండనివ్వదు, నిటారు బండల మీద అసలు నిలవదు, జారి కింద గిన్నెల్లాంటి పల్లాల్లో చేరుతుంది. కింద రెండు మూడు పాయింట్లు కొలిచి, గీత గీసి, అదే లెక్కన శిఖరం దాకా పొడిగించేవాళ్ళని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

గాలి దగ్గర ఈ ట్యూబ్ కి అసలు పరీక్ష. పొడి మంచు సెకనుకి ఏడెనిమిది మీటర్ల గాలికే కదలడం మొదలెడుతుంది, నేలకి ఆనుకుని గింజలు ఎగిరెగిరి దూకుతూ పోతాయి, గాలి ఇంకా పెరిగితే పైకి లేచి పొగలాగా కొట్టుకుపోతాయి, దారిలో కొంత అలాగే ఆవిరైపోతుంది కూడా. గాలి తగిలే వైపు గొరిగేసినట్టు నాలుగంగుళాలు, దాని కింద గులకరాళ్ళు, ట్యూబ్ దించితే కట్టర్ పళ్ళు రాయి మీద గీరుకున్న చప్పుడు, అడుగున పట్టుకోడానికి మట్టి లేక మంచు జారిపోవడం. అదే గట్టు దాటి అవతలికి దిగితే నాలుగు ముక్కలు బిగించినా నేల అందదు. పైగా ఆ మంచు గాలికి దట్టంగా కూరుకుపోయి ఉంటుంది, హ్యాండిల్ మీద ఇద్దరు పడితే గానీ దిగదు, లాగేటప్పుడు కిర్రుమంటుంది. రెండు చోట్లా ఆకాశం నుంచి పడింది దాదాపు ఒకటే, పంపకమే తేడా. ఒక మాట, ఆ అవతలి వైపు 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉందంటే అది అవలాంచీలు, అంటే మంచు ఒక్కసారిగా విరిగి జారిపడేవి, దిగే వాలు, రీడింగ్ కోసం అక్కడికి దిగకండి, ట్యూబ్ ఇంకోటి దొరుకుతుంది.

ఎండ వైపు సంగతి త్వరగా చెప్పేస్తా. ఉత్తరార్ధ గోళంలో దక్షిణం వైపు తిరిగిన వాలుకి ఎండ సూటిగా తగులుతుంది, పగలు కరిగి రాత్రి గడ్డకట్టి ఐసు పొరలు వరసగా పేరుకుంటాయి, ట్యూబ్ ఒక్కో పొర దగ్గరా ఆగుతుంది. ఉత్తరం వాలు మీద మాత్రం సాఫీగా దిగిపోతుంది, ఏప్రిల్ లో కూడా. ఒకే ఎత్తులో ఒకే గుట్టకి రెండు పక్కలా కొలిచి చూడండి, ఇంకెవరూ మీకు వాలు దిశ గురించి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అడవి, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. అడవిలో నీడ ఉంటుంది కాబట్టి మంచు ఎక్కువుంటుంది అనుకుంటాం. స్ప్రూస్, ఫర్ లాంటి చెట్లు చలికాలంలో కూడా ఆకు రాల్చవు, పడే మంచులో బోలెడంత కొమ్మల మీదే ఆగిపోతుంది, బాగా దట్టంగా ఉన్న అడవిలో అలా ఆగేది చలికాలం సగానికి పడినదాంట్లో 60 శాతం దాకా ఉండొచ్చు. కొమ్మ మీద మంచుకి నాలుగు వైపులా గాలే, పై నుంచి ఎండ, కాబట్టి నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోతుంది, బాగా చల్లటి అడవుల్లో ఏడాదిలో పడిన మంచులో మూడో వంతు దాకా ఇలా నేల తాకకుండానే పోతుందని కొలిచారు. మిగతాది ముద్దలుగా కింద పడుతుంది, లేదా కరిగి చుక్కలుగా కారుతుంది.

అది ట్యూబ్ కి ఎలా తెలుస్తుందంటే, పెద్ద ఫర్ చెట్టు కింద మోకాళ్ళ మీద కూర్చుని చూడండి. మాను చుట్టూ గుంట, చెట్టుకి ఆనుకున్న చోట దాదాపు నేల కనపడుతుంటుంది. మంచు తెల్లగా ఉండదు, సూదులు, బెరడు పొట్టు, నాచు పోగులు చల్లినట్టు. కొమ్మల చివర్ల కింద వరసగా చుక్కలు పడి తొలిచిన చిన్న చిన్న గుంటలు, వాటి అడుగున నీళ్ళు గడ్డకట్టి గాజు ముక్కల్లా. అక్కడ కట్టర్ దించితే కరకరమని ఆగుతుంది, ఆ ఐసు బిళ్ళ నోటికి అడ్డంపడి కింద మంచు లోపలికి రాకుండా తోసేస్తుంది, బయట గీత చూస్తే 30 అంగుళాలు, చీలికలోంచి చూస్తే పదిహేను. అలాంటి శాంపిల్ పారెయ్యాల్సిందే. మాను దగ్గర్నుంచి కొమ్మల అంచు దాకా, అక్కణ్ణుంచి బయటి ఖాళీలోకి, అడుగడుక్కీ గుచ్చుకుంటూ వెళ్తే లోతు మెట్లెక్కినట్టు పెరుగుతుంది.

ఆ ఖాళీ సైజు కూడా ముఖ్యమే. చుట్టూ చెట్ల ఎత్తుకి రెండు నుంచి మూడు రెట్ల వెడల్పున్న ఖాళీల్లో మంచు అన్నిటికంటే ఎక్కువ చేరుతుందని కెనడాలో అల్బర్టా అడవుల్లో కొలిచి తేల్చారు. కొమ్మల అడ్డు లేదు, చుట్టూ చెట్లున్నాయి కాబట్టి గాలి లోపలికి రాదు. ఖాళీ మరీ పెద్దదైతే గాలి దూరి ఊడ్చుకుపోతుంది, మరీ చిన్నదైతే పక్క చెట్ల కొమ్మలే కప్పేస్తాయి. మన చర్చ్ గారు 1912 లోనే దాదాపు ఇదే చెప్పాడు, మంచు నిలవాలంటే అడవి తేనెపట్టులా ఖాళీలతో ఉండాలి, ఆ ఖాళీలు నేల మీద ఎండ పడనంత చిన్నవి ఉండాలి అని. కొలరాడోలో ఫ్రేజర్ అనే ప్రయోగాల అడవిలో 1950ల్లో ఫూల్ క్రీక్ అనే ఏరు పరివాహకంలో పట్టీలు పట్టీలుగా సుమారు 40 శాతం చెట్లు కొట్టి చూశారు, ఏటిలో నీళ్ళు పెరిగాయి, చెట్లు మళ్ళీ పెరుగుతున్నా ఆ తేడా దశాబ్దాల పాటు పోలేదు. దీన్ని పట్టుకుని అడవులన్నీ కొట్టేస్తే నీళ్ళే నీళ్ళు అనే మేధావులు కూడా ఉన్నారు, మట్టి కొట్టుకుపోవడం, నీళ్ళన్నీ ఒక్కసారే రావడం వాళ్ళకి పట్టదు.

అడవిలో చేరడం ఒక లెక్క, నిలవడం ఇంకో లెక్క. చెట్లు ఎండని ఆపుతాయి, గాలిని ఆపుతాయి, అది మంచుకి లాభం. కానీ చెట్లు తామే వెచ్చగా ఉండి పగలూ రాత్రీ వేడిని మంచు మీదకి విడుస్తుంటాయి, అది నష్టం. ఏది గెలుస్తుందన్నది చలి మీద ఉంటుంది. 2013 లో వచ్చిన ఒక పరిశోధనలో రకరకాల చోట్ల లెక్కలన్నీ కలిపి చూస్తే, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి సగటు ఉష్ణోగ్రత మైనస్ 1 డిగ్రీ కంటే వెచ్చగా ఉన్న చోట్ల అడవిలో మంచు పక్క మైదానం కంటే ఒకటి రెండు వారాలు ముందే పోతోంది, అంతకంటే చల్లటి చోట్ల అడవిలోనే ఎక్కువ రోజులు ఉంటోంది. కాబట్టి అడవి మంచుకి మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే ముందు ఏ కొండ, చలి ఎంత అని తిరిగి అడగాలి.

ఇదంతా ఆటోమేటిక్ స్టేషన్లు చూసుకోవా, ఇంకా ఈ గొట్టం ఎందుకు అంటారు చాలామంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో, అలాస్కాలో కలిపి స్నోటెల్ స్టేషన్లు 900 పైనే ఉన్నాయి, ద్రవం నింపిన పరుపు మీద మంచు బరువు పడితే ఆ ఒత్తిడి కొలిచి దానంతటదే పంపిస్తాయి, రోజూ ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. సూపర్ సర్వీసే, ట్యూబ్ తో నెలకోసారి ఎక్కేవాళ్ళకి రోజువారీ లెక్క ఎక్కణ్ణుంచి వస్తుంది. కానీ ఆ స్టేషన్లు ఎక్కువగా ఎక్కడ పెట్టారో చూడండి, గాలి తగలని, చదునైన, అడవి మధ్య చిన్న ఖాళీల్లో. అంటే పైన చెప్పినట్టు మంచు బాగా చేరే చోట్లలోనే. ఏడాదికీ ఏడాదికీ పోలిక చూడ్డానికి అది మంచి ఎంపికే, అదే నంబర్ ని కొండ మొత్తానికి వేసేస్తే శిఖరం గట్లూ దట్టమైన అడవీ లెక్కలోకే రావు. విమానంలోంచి లైడార్ తో, అంటే లేజర్ వెలుగు కొట్టి దూరం కొలిచే పరికరంతో, లోతు మ్యాప్ చేసేది 2013 లో నాసా వాళ్ళ జెపిఎల్ ల్యాబ్ మొదలెట్టింది, కొండ మొత్తం ఎక్కడెంత లోతో బొమ్మ గీసినట్టు వస్తుంది, నాకైతే అది చూశాక పాత మ్యాపులు చూడబుద్ధి కాదు. అయినా లైడార్ చూసేది లోతే, సాంద్రత చూడదు. అది కంప్యూటర్ మోడల్ నుంచో, నేల మీద ఎవరో గుచ్చిన గొట్టం నుంచో రావాలి.

అందుకే వాడకంలో నా సలహా ఒకటే. సాంద్రత కొండ మీద కొంచెం కొంచెంగా మారుతుంది, లోతు మాత్రం అడుగడుక్కీ మారుతుంది. కాబట్టి ట్యూబ్ తో కొన్ని పాయింట్లు చాలు, కడ్డీతో లోతు మాత్రం చాలా చోట్ల కొలవండి. ట్యూబ్ పాయింట్లు కూడా నచ్చిన చోట కాకుండా కొన్ని మాను దగ్గర, కొన్ని కొమ్మల అంచున, కొన్ని ఖాళీ మధ్యలో, గట్టుకి రెండు పక్కలా పడేలా చూసుకుని, నోట్ బుక్ లో అంగుళాలతో పాటు వాలు ఎటు తిరిగిందో, నెత్తి మీద కొమ్మలున్నాయో లేవో రాసుకోండి. ఆ కాలమ్ లేని డేటా షీట్లు చేతికొస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఐదుకి నాలుగు ఇస్తా, ఒకటి కాటా కోసం తగ్గించా. కొనేటప్పుడు పాత ట్యూబ్ దొరికితే వద్దనకండి, కాకపోతే కట్టర్ పళ్ళు అరిగాయేమో, మరల దగ్గర సొట్టలున్నాయేమో వేలితో తడిమి చూడండి, సొట్ట ఉంటే చలిలో బిగుసుకుపోయి రెంచీకి కూడా రాదు. కాటాని తెలిసిన బరువుతో సీజన్ కి ముందు ఒకసారి సరిచూసుకోండి, స్ప్రింగ్ కాలంతో పాటు సాగుతుంది. రాళ్ళ గట్ల మీద ఎక్కువ కొలిచేవాళ్ళయితే కట్టర్ ఇంకోటి అదనంగా తీసుకోండి.